కొలిమికి గాలి గొట్టం

మార్చి 3, సోమవారం

భుజం నొప్పి ఏ రోజు ఎంత ఉందో రాసుకు రమ్మన్నాడు ఎముకల డాక్టరు. పదికి ఎన్ని మార్కులో వేయాలట. ఇవాళ ఆరు. వేసేశాను. పేజీలో ఇంకా బోలెడు చోటు మిగిలింది. అది నాకోసం. డాక్టరుకు అంకెలు నోటితో అప్పజెబుతాను.

డాక్టరు తేల్చింది ఒక్కటే. నేను ఇక బ్లోయర్ తిప్పకూడదు.

మా కొలిమికి గాలి అడుగునుంచి రాదు, పక్కనుంచి వస్తుంది. ఇటుకల్లోంచి ఒక గొట్టం దూరి, దాని మూతి బొగ్గుల్లోకి పొడుచుకుని ఉంటుంది. గొట్టానికి ఇటు చివర చేతి బ్లోయర్, దాని హ్యాండిల్, ఆ హ్యాండిల్ దగ్గర నేను. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాను. క్వారీ వాళ్లు మొండిబారిన ఉలులు, గునపాలు తెస్తారు. మా ఆయన కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెడతాడు. నేను గాలి ఇస్తాను. మా ఇద్దరి కాపురంలో సగం అక్కడే జరిగింది. మిగతా సగం నిద్ర.

ఇప్పుడు కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకుందామన్నా చెయ్యి పైకి లేవదు. కరెంటు బ్లోయర్ పెట్టించండి అని డాక్టరు మా ఆయనకు చెప్పాడు. నాకు కాదు. భుజం మాత్రం నాది.

అమ్మాయి ఫోన్ చేసి, ఇన్నాళ్లకు నీకు రిటైర్మెంట్ వచ్చిందమ్మా, కాళ్లు చాపుకుని కూర్చో అంది. అంత సంతోషం దేనికో. షెడ్డులో నాకున్న పని అదొక్కటే. అది పోతే ఆయన షెడ్డులో మనిషి, నేను ఇంట్లో మనిషిని, మధ్యలో వంటింటి గోడ. ఈ మాట ఫోన్లో చెప్పలేదు. సరేనమ్మా అన్నాను.


మార్చి 5, బుధవారం

నొప్పి ఆరు.

బ్లోయర్ వచ్చింది. చూస్తే కుక్కర్ అంత ఉంది, మోత మాత్రం పిండిమర అంత. మా అల్లుడు ప్లంబరు. తనే కొనుక్కొచ్చాడు, తనే పీవీసీ పైపు ముక్క పెట్టి పాత గొట్టానికి కలిపాడు, స్విచ్ కూడా తనే వేశాడు. రిబ్బన్ కటింగ్ ఒక్కటే తక్కువ.

నిప్పు ఒక్కసారిగా లేచింది. మా ఆయన రెండడుగులు వెనక్కి వేసి, పర్లేదే అన్నాడు. ఆయన నోట పర్లేదు అంటే బ్రహ్మాండం అని అర్థం. నన్నెప్పుడైనా అలా అన్నాడా అని గుర్తు చేసుకున్నాను. ఒకసారి అన్నాడు. పెళ్లిచూపుల్లో.

పాత చేతి బ్లోయర్ అమ్మేద్దామా అత్తయ్యా అన్నాడు అల్లుడు. మూలకు పడి ఉంటుంది, ఉండనివ్వు నాయనా అన్నాను.


మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం

గొట్టం మూతి పగిలింది.

అది పోత ఇనుము, మా మామగారు పెట్టించింది. నేను కాపురానికి వచ్చేసరికే అక్కడ ఉంది, నాకంటే సీనియర్. ఇన్నేళ్లూ చెక్కు చెదరనిది మూడు రోజుల కరెంటు గాలికి నిలువునా చీలింది. పాత సరుకు, వయసైపోయింది, ఇంకేం తట్టుకుంటుంది అన్నాడాయన. నా వైపు చూసి మాత్రం అనలేదు.


మార్చి 8, శనివారం

ఆయన వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా వంటింట్లోకి రాడు. క్వారీ సూపర్‌వైజరు ఉలుల కోసం సాయంత్రం వస్తాడట. పగిలిన మూతికి మట్టి మెత్తాడట. అది కరెంటు గాలికి ఆగదు, చేతి గాలికైతే ఈ పూటకి ఆగుతుంది అన్నాడు. తర్వాత నేల చూస్తూ, ఎడం చేత్తో తిప్పగలవా అన్నాడు.

చేతులు తుడుచుకుని బయల్దేరాను. స్టవ్ మీద పాలు ఉన్నాయన్న సంగతి కూడా గుర్తు లేదు. పొంగి, మాడి, గిన్నె నల్లబడింది.

కుడి భుజం ఆరు. ఎడమది కూడా మార్కులు అడుగుతోంది.


మార్చి 10, సోమవారం

కొత్త గొట్టానికి ఏ పైపు వేయాలన్నదాని మీద మామా అల్లుళ్ల సమావేశం. నేను టీ ఇచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

అల్లుడు జీఐ పైపు తెచ్చాడు. జింకు పూత పూసిన ఇనుప పైపు, నీళ్ల లైన్లకు వేసేది. తళతళ మెరుస్తోంది. తుప్పు పట్టదు మావయ్యా, ముప్పై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు. నీళ్లలో నిజమే. మా కొలిమిలో నీళ్లు లేవు.

జీఐ కాలితే తెల్లటి పొగ వస్తుందని, అది మంచిది కాదని మా ఆయనకు బాగా తెలుసు. నాకే ఎన్నోసార్లు చెప్పాడు. కానీ అల్లుడు మోసుకొచ్చిన పైపు. ఎలా కాదంటాడు? మూతికి మందంగా మట్టి పూస్తే సరిపోతుంది, ఏం కాదు అన్నాడు. అదే కొడుకై ఉంటే ఈపాటికి పైపు వీధిలో ఉండేది.


మార్చి 11, మంగళవారం

మట్టి మధ్యాహ్నానికే ఊడింది. తెల్లటి పొగ. దూదిపింజల్లాంటివి లేచి షెడ్డంతా తేలాయి. కిటికీలు తెరవండి, బయటికి రండి అని అరిచాను. చేతిలో ఉన్న ఉలి అయ్యేదాకా రాలేదు.

సాయంత్రానికి నోరంతా తియ్యగా ఉందన్నాడు. తర్వాత చలి, వణుకు, జ్వరం. రెండు దుప్పట్లు కప్పాను. అల్లుడు వచ్చి మంచం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. పైపుదేం తప్పు లేదు బాబూ, నాకే జలుబు చేసింది అన్నాడు మా ఆయన. పళ్లు టకటకలాడుతుంటే.

మర్యాద కోసం జ్వరం తెచ్చుకున్న మనిషిని ఈయన్నే చూశాను.


మార్చి 12, బుధవారం

జ్వరం దిగింది. జీఐ పైపు పీకేశారు. నొప్పి అయిదు.


మార్చి 13, గురువారం

పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాం, ఇద్దరం. కొట్టాయన్ని అందరూ తుప్పు మామ అంటారు. ఎవరికీ మామ కాదు. తుప్పు మాత్రం నిజం.

నేనెందుకు వెళ్లానంటే, రమ్మన్నాడు కాబట్టి. ఎందుకు రమ్మన్నాడో తెలియదు. పైపుల మధ్య నడుస్తూ ప్రతిదాన్నీ వేలితో కొట్టి చూశాడు, నా మొహం చూశాడు. నాకేం తెలుసు? చీరలైతే చెప్పగలను.

తుప్పు మామ పళ్లు కుట్టుకుంటూ లెక్చరు ఇచ్చాడు. అల్యూమినియం అయితే కొలిమి చూడగానే కరిగిపోతుందట. రాగి తెల్లారేదాకా కూడా ఉండదట. మందపాటి నల్ల ఇనుప పైపు వేసుకోండి, అది కాలుతుంది, కాలిన మేరకు ముందుకు జరుపుకుంటూ పోవాలి, పెన్సిలు చెక్కుకున్నట్టు అన్నాడు. మా ఆయనకు ఆ మాట నచ్చలేదు. మా నాన్న గొట్టాన్ని ఎప్పుడూ జరపలేదు, కాలే సరుకు నాకు అక్కర్లేదు అన్నాడు. చివరికి పాల డైరీ నుంచి వచ్చిన స్టీలు పైపు తీసుకున్నాడు. నల్ల పైపుకు దీనికి ధరలో పోలికే లేదు, ఇది అంత ఖరీదు. తుప్పు మామ ఇంక నోరు మెదపలేదు. అమ్ముకునేవాడు ఎందుకు మెదుపుతాడు?

తిరిగి వస్తుంటే పైపు ఒక చివర ఆయన, ఒక చివర నేను, ఎడం చేత్తో. బాగుంది.


మార్చి 15, శనివారం

స్టీలు పైపు కూడా పోయింది. రెండు రోజులు. మూతి ఎర్రగా కాలి పొరలు పొరలుగా రాలింది, బొగ్గు మడ్డి కరిగి దానికి బంకలా అతుక్కుంది. ఆయన పట్టకారు విసిరేశాడు. ఇనుమంటేనే విసుగొచ్చింది అన్నాడు. ఈయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

మళ్లీ మట్టి మెత్తాడు. మళ్లీ చేతి బ్లోయర్ తగిలించాడు. మళ్లీ నన్ను పిలిచాడు.

ఇవాళ జరిగింది సరిగ్గా రాయాలి.

ఎడం చేత్తో తిప్పుతున్నాను. ఆయన ఉలి బయటికి లాగి దాగలి మీద పెట్టి కొడుతున్నాడు. అంతసేపూ నిప్పుకు గాలి అక్కర్లేదు. నేను చెయ్యి తీసేసి కూర్చోవచ్చు. కానీ నా చెయ్యి ఆగలేదు. మెల్లగా, నిద్రపోతున్న పిల్లను ఊపినట్టు తిరుగుతూనే ఉంది. ఆగమని గానీ ఆగొద్దని గానీ నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మా అత్తగారు కూడా అలాగే తిప్పేది, ఆవిడ పక్కన కూర్చుని చూశాను, అంతే.

అప్పుడు తట్టింది. పొద్దున వంటింట్లోంచి విన్నది. కరెంటు బ్లోయర్ మోత ఉంటుంది, టక్‌మని ఆగుతుంది, సుత్తి దెబ్బలు పడతాయి, మళ్లీ మోత. ఇనుము బయటికి తీసినప్పుడల్లా ఆయన స్విచ్ కట్టేస్తున్నాడు. కరెంటు ఆదా. ఇంట్లో లైట్లు కూడా నేను గదిలో ఉండగానే కట్టేస్తాడు.

గాలి పోతున్నంతసేపూ గొట్టం లోపలినుంచి చల్లబడుతుంది, నిప్పు మూతికి ఎడంగా ఉంటుంది. గాలి పూర్తిగా ఆగిందంటే నిప్పు వెనక్కి వచ్చి మూతి మీద కూర్చుంటుంది. చల్లార్చేది ఏదీ లేదు. అందుకే పోత ఇనుము పగిలింది. అందుకే స్టీలు పోయింది. బంగారంతో చేయించినా పోతుంది. ఆయనకు గాలి సంగతి తెలియదు. ఎప్పుడూ తెలుసుకోవలసిన అవసరం పడలేదు, నేను ఉన్నాను కాబట్టి.

ఉలి మళ్లీ నిప్పులో పెట్టాడు. నేను గట్టిగా తిప్పాను. ఏమిటి ఆలోచిస్తున్నావ్ అన్నాడు.

ఏం లేదు అన్నాను.


మార్చి 16, ఆదివారం

చెప్పలేదు. ఎందుకో నాకు తెలుసు.


మార్చి 18, మంగళవారం

తుప్పు మామ మాటే గెలిచింది. బాయిలర్ నుంచి ఊడదీసిన నల్ల పైపు, దాని అంచే వేలు మందం ఉంటుంది. కోసేటప్పుడు రెండు బ్లేడ్లు విరిగాయి. ఇది మాత్రం నా తర్వాత కూడా ఉంటుంది అని ఆయన సంబరపడ్డాడు. వంటింట్లో కూర్చుని వింటున్నాను. మోత, టక్, సుత్తి. మోత, టక్, సుత్తి. టక్‌మన్నప్పుడల్లా నా చెయ్యి ఉలిక్కిపడుతోంది. చెప్పేయాలని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. రెండుసార్లూ కరివేపాకు తుంచుకుని వచ్చాను.

ఈ పైపు ఎన్నాళ్లు ఉంటుందో లెక్క వేసుకుంటున్నాను. మంచి ఇల్లాలు చేసే లెక్క కాదు.


మార్చి 20, గురువారం

నల్ల పైపు మూతి జానెడు అరిగిపోయింది. పిలిచాడు. వెళ్లాను.

అప్పుడే అమ్మాయి వచ్చి చూసింది. ఒంటికాలి మీద లేచింది. డాక్టరు ఏం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావు, నాన్నకైనా బుద్ధి ఉండక్కర్లేదా అంది. ఆయన తల దించుకున్నాడు. మీ నాన్ననేమీ అనకు, నేనే వచ్చాను అన్నాను. నిజమే. తల్లి నిజం చెప్పినప్పుడే పిల్లలు నమ్మరు.

నొప్పి తొమ్మిది. డాక్టరుకు ఆరు అని చెబుతాను.

పైగా సంతోషంగా ఉంది. రాసుకుంటే సిగ్గుగా ఉంది కానీ ఉంది. గోడకు అవతల ఉండటం కంటే తొమ్మిది మార్కుల నొప్పి నయం.


మార్చి 21, శుక్రవారం, మధ్యాహ్నం 3

క్లినిక్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. చేతిసంచీలో ఈ పుస్తకం ఉండబట్టి. లోపల ఆయనకు కుట్లు వేస్తున్నారు.

పొద్దున నల్ల పైపును ముందుకు జరిపి, మళ్లీ కరెంటు బ్లోయర్ తగిలించాడు. తడి రాక్షసిబొగ్గు కొత్తగా కుప్ప పోశాడు. పసుపుపచ్చటి పొగ దట్టంగా లేస్తోంది. టీ తీసుకుని వెళ్లాను. స్విచ్ కట్టేసి ఉంది, ఆయన దాగలి దగ్గర ఉన్నాడు. పొగ పైకి పోవడం లేదు, గొట్టం మూతిలోకి దూరుతోంది. చూశాను. దాని అర్థం మాత్రం నాకు తెలియలేదు. అది తెలియలేదని ఒట్టు వేసి చెప్పగలను. మిగతాది చెప్పలేను.

ఆయన ఇనుము నిప్పులో పెట్టి స్విచ్ వేశాడు. ఢామ్మని పేలింది. పైపు లోపల చేరిన పొగంతా ఒక్కసారి అంటుకుంది. అల్లుడు వేసిన పీవీసీ ముక్క పగిలి ముక్కలు ముక్కలుగా ఎగిరింది. ఒక ముక్క ఆయన కనుబొమ మీద తగిలింది. కనుబొమ మీద. కంట్లో కాదు.

రక్తం కారుతుంటే ఆయన నన్ను చూసి, నీకేం కాలేదు కదా అని అడిగాడు.

అక్షరాలు నావిలా లేవు.


మార్చి 22, శనివారం

నిన్న అదే బెంచీ మీద చెప్పేశాను. ఆయన తలకు కట్టు కట్టించుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మందుల చీటీ కోసం ఆగాం.

గాలి పూర్తిగా ఆపకూడదు, ఇనుము బయట ఉన్నప్పుడు కూడా కొంచెం పోతూ ఉండాలి, నేను ఎప్పుడూ ఆపలేదు, మీరు ఆపుతున్నారు, పైపులన్నీ అందుకే పోయాయి, ఇది కూడా అందుకే పేలి ఉంటుంది అన్నాను. గుక్క తిప్పుకోకుండా.

ఎప్పుడు తెలిసింది అన్నాడాయన. పోయిన శనివారం అన్నాను. మరి చెప్పలేదేం అన్నాడు. చెబితే మళ్లీ పిలవరు కదా అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టాల్సిందే. నేనైతే తిట్టేదాన్ని. ఎదురు బెంచీలో ఒకావిడ కాలికి పిండికట్టుతో మమ్మల్నే చూస్తోంది.

మీరు మాత్రం ఎందుకు కట్టేస్తారు, ఆ కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందని అన్నాను. నాకే కోపం వచ్చింది, చూడండి వింత. బిల్లు కాదే అన్నాడాయన. మరి? ఆ మోతలో మాట్లాడితే ఏమీ వినపడదు అన్నాడు.

ఎవరితో మాటలు, షెడ్డులో ఎవరున్నారు అన్నాను.

నీతోనే అన్నాడు.

నేను లేను కదండీ అక్కడ అన్నాను. తెలుసు అన్నాడు. ఇనుము దాగలి మీదికి రాగానే అలవాటుగా ఏదో ఒకటి చెప్పబోతాడట. క్వారీ వాడి గురించో, వానల గురించో. ఆ బ్లోయర్ మోత ఉంటే తన మాట తనకే వినపడదట. కట్టేసి చెప్పేవాడట. చెప్పాక గుర్తొచ్చేదట నేను లేనని.

చీటీ వచ్చింది. కౌంటరు అబ్బాయి మందులు ఎలా వేసుకోవాలో చెబుతున్నాడు. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఏడ్చానేమో అనుకుంటాడని ముక్కు తుడుచుకోలేదు.


మార్చి 24, సోమవారం

నల్ల పైపే ఖాయం. పెన్సిలులా జరుపుకుంటూ పోతాం, తుప్పు మామ చెప్పినట్టే. మూతి చుట్టూ ఇసుక కలిపిన మట్టి. పీవీసీని దరిదాపులకు రానివ్వం, బ్లోయర్ దాకా మొత్తం ఇనుమే. మధ్యలో ఒక రేకు తలుపు పెట్టాడు, పక్కకు జరిపితే గాలి తగ్గుతుంది. ఎంత మూసినా వేలు పట్టేంత సందు మిగిలేలా దానికి నేను అడ్డు మేకు పెట్టించాను. పూర్తిగా మూద్దామన్నా మూతపడదు.

ఎంత సందు ఉండాలో నన్నే అడిగాడు. కళ్లు మూసుకుని, ఎడం చేతిని గాల్లో మెల్లగా తిప్పి చూసుకుని చెప్పాను. అల్లుడు నవ్వు ఆపుకున్నాడు. మా ఆయన నవ్వలేదు, రేకు మీద సుద్దతో గీత గీశాడు.

రోజంతా ఒక్క టక్ కూడా వినపడలేదు. సాయంత్రం గొట్టం మూతి చూశాం. చెక్కు చెదరలేదు.

అంటే నా పని నిజంగానే అయిపోయింది. నా చేత్తోనే అవగొట్టుకున్నాను. బాధగా ఉంది. చెప్పినందుకు మాత్రం బాధ లేదు.


మార్చి 27, గురువారం

పనేమీ లేకుండానే షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. బ్లోయర్ మోగుతూనే ఉంది. ఆయన ఇనుము దాగలి మీద పెట్టి, నా వైపు తిరిగి ఏదో చెప్పాడు. పెద్ద సంగతే అయ్యుంటుంది, సుత్తి కూడా దించాడు. ఒక్క ముక్క వినపడలేదు.

ఊఁ అన్నాను. తల ఊపి, కొట్టడం మొదలుపెట్టాడు.